టీకి టీక

మూలము:
"గిదంత ఎందుకురా? ఎంతయింది? ఖల్లివల్లి, ఇంకో చాయ్ చెప్పు."

సందర్భము: ఈ వాక్యములు మా బాపువి. కర్త జగిత్యాల ప్రాంతీయుడు. 1995 మొదలు తొమ్మిదేండ్లు దోహాలో సెంట్రింగు పని చేసినవాడు. ఇరవయ్యేండ్ల పిమ్మట విజిట్ వీసా మీద దోహాలోనే ఉన్న కొడుకు ఇంటికి వచ్చెను. ఒక శుక్రవారము సాయంకాలము ఎక్కడికో చెప్పకుండ మెట్రో ఎక్కించితిని. టికెట్టు 2 రియాళ్లే అని విని కర్త మిక్కిలి సంతోషించెను. ఆ సంతోషము డీఈసీసీ స్టేషను వరకే. అచ్చటినుండి నడిచి షెరటాన్ హోటలు లాబీ చేరి, సోఫా అంచున కూర్చొని పై మాటలు పలికెను. అంచున అనునది గమనింపదగినది. వెనుకకు వాలలేదు.

స్థలవిశేషము: ఆ హోటలు 1982లో తెరచిన పిరమిడు ఆకారపు కట్టడము; విలియం పెరైరా అను అమెరికా వాస్తుశిల్పి నమూనా. ఇప్పుడు వెస్ట్ బే అద్దాల మేడల పక్కన పొట్టిగా కనబడును గాని, బాపు వచ్చిన కొత్తలో ఆ ఒడ్డున ముందుగా కంటికి ఆనునది అదే. సెలవునాడు క్యాంపు జనము కార్నిష్ గోడమీద కూర్చొని నీళ్ల ఆవల దానినే చూచెడివారు. మా ఇంటి ఆల్బములో ఫోటో కలదు: ముందర బాపు, కండ్లకు ఎవరివో అరువు కళ్లద్దములు, భుజముపై గోరంత పిరమిడు. లోపలికి ఎన్నడూ పోలేదా అని చిన్నప్పుడు అడిగితిని. "ఏం పనికి?" అనెను. ఎవరును అడ్డగింపలేదు, తానే పోలేదు.

ప్రతిపదార్థము:

గిదంత = ఈ సోఫాయు, వెండిరంగు చాయ్ పాత్రయు, కప్పు కింద సాసరును, సాసరు కింద జాలీ కాగితమును; ఎందుకు = దేనికొఱకు. 'కు' షష్ఠి ప్రత్యయమని చిన్నయసూరి బాలవ్యాకరణము (1858). అర్థము మాత్రము చతుర్థిది. జవాబు కోరని ప్రశ్న. మన తల్లిదండ్రులకు ఏమి ఇచ్చినను మొదట వచ్చునది ఈ పదమే. రానిచో వస్తువు నచ్చలేదని గ్రహింపవలెను. రా = ముప్పదియైదేండ్ల కొడుకును మరల నిక్కరులోనికి దింపు ప్రత్యయము.

ఎంతయింది = మూలమునకు ప్రాణమిదియే. నేను బిల్లులో సగము చెప్పితిని. బాపు దానిని 12తో గుణించెను, తాను ఇల్లు చేరిన నాటి రేటు అది. రియాలు 2001 నుండి డాలరుకు 3.64 చొప్పున కట్టివేయబడియున్నది. జారినది మన రూపాయి. ఇప్పుడు రియాలుకు 23 దాటినది. కావున సగములో సగమై, అసలు మొత్తము నాల్గవ వంతుకు దిగినది. అయినను కర్త "అమ్మో" అనెను.

పూర్వపక్షము: ఇది నిందయే కదా, మామయ్యకు నచ్చలేదు కదా అని మా ఆవిడ. కాదు, వ్యాజస్తుతి. ప్రమాణము: కర్త వెంటనే ఫోను తీసి, జగిత్యాలలోని అమ్మకు వీడియో కాల్ చేసి, "గిదే, ఫోటోల ఉంటదే, గది" అని లాబీ అంతయు తిప్పి చూపించుట. మూలములో లేనిది వ్రాయనని మన మెదకు సీమ కొల్చారము మల్లినాథసూరి నియమము. ఆ నియమము ఒక్కసారి తప్పుచున్నాను: ఫోను పెట్టేసి, బాపు తల ఎత్తి, వాలుగా ఎక్కిన అంతస్తులను చాలసేపు చూచి, "సెంట్రింగ్ సాఫ్ కొట్టిండ్రు" అనెను. నాకు తెలిసినంతలో ఆయన మెచ్చిన ఇతరుల పని ఇదొక్కటే.

ఖల్లివల్లి = పోనీ, వదిలెయ్. గల్ఫు చూచివచ్చిన ప్రతి ఇంట ఈ మాట కలదు. దేశము దాటుటకు కఫీలు, అనగా పనిలో పెట్టుకొన్న యజమాని, అనుమతి కావలసిన కాలమున (చాలామంది కార్మికులకు ఆ నియమము 2018లో తొలగినది) మా తాత పోయెను. కాగితము వచ్చుసరికి దినాలు కూడ ముగిసెను. ఫోనులో బాపు "ఖల్లివల్లి" అని పెట్టేసెను. నాడు 'నా చేతిలో లేదు' అనియు, నేడు 'బిల్లు ఎంతయినను కానిమ్ము' అనియు అన్వయము.

ఇంకో చాయ్ చెప్పు = బయట కరక్ చాయ్ ఒకటి రెండు రియాళ్లకు దొరకునని ఎఱిగియు, ఇచ్చటనే ఇంకొకటి తెప్పింపుము. కరక్ అనగా మన కడక్ చాయే, గల్ఫు నోట అట్లు మారినది.

తాత్పర్యము: రెండవ చాయ్ వచ్చినపుడు బాపు సోఫాలో వెనుకకు వాలెను. బిల్లు అసలు మొత్తము ఇచ్చట వ్రాయలేదు. బాపు ఈ టీకను చదువును.