హెడ్మాస్టరు పెట్టిన ముహూర్తం

అరవై నిండిన సందర్భంగా బడి దోస్తులంతా కలిసి విదేశం చూసి రావాలన్న కోరిక మర్పల్లిలో పుట్టడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. వికారాబాద్, చేవెళ్ల మీదుగా పోతే శంషాబాద్ విమానాశ్రయం వస్తుంది. 2008 నుంచీ అక్కడే ఉంది. ఎండాకాలం వచ్చిందంటే మన వైపు ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక టెన్త్ బ్యాచ్ వాళ్లు పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం పెట్టుకుని, పాత సార్లకు శాలువాలు కప్పి, ఫొటో పేపరుకు పంపుతూనే ఉన్నారు. ఇక విమానం ఎక్కడమొక్కటే బాకీ. అయితే ఈ యాత్రా కమిటీలు ఏ దేశం, ఎంత డబ్బు అన్న ప్రశ్నల దాకా పోనే పోవు, తేదీ దగ్గరే విరిగిపోతాయి. ఒకరు చైత్రంలో పుట్టారు, ఒకరు కార్తీకంలో, ఇంకొకరు వాళ్లమ్మ చెప్పిన ప్రకారం చెరువు తెగిన యేడు. ఎవరి పుట్టినరోజుకు పోవాలి? నా వాదన ఒక్కటే: దోస్తులతో పోయే యాత్రకు పదో తరగతి మెమోలో అచ్చయిన తేదీని మించిన ముహూర్తం లేదు.

ఆ తేదీ ఎలా వచ్చిందో అందరికీ తెలిసిందే. బళ్లు తెరిచేది జూన్‌లో. అప్పట్లో ఒకటో తరగతిలో చేరాలంటే ఐదేళ్లు నిండాల్సి ఉండేది. పిల్లవాణ్ణి తెచ్చిన నాయనకు తిథి గుర్తుండేది, ఇంగ్లీషు తారీఖు తెలియదు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చిందే 1969లో. అది ఊళ్లలో నిలదొక్కుకోవడానికి ఇంకెన్నో ఏళ్లు పట్టింది. హెడ్మాస్టరు సారు పిల్లవాడి ఎత్తు చూసి, చెవి పట్టుకునేంత చెయ్యి సాగిందో లేదో చూసి, జూన్‌లోనో జూలైలోనో ఒక తారీఖు వేసి, ఐదేళ్లు నిండినట్టు లెక్క సరిచేసేవారు. నలభై మంది పిల్లలను ఒకే రుతువులో పుట్టించిన ఆ మహానుభావుడు అరవై ఏళ్ల తర్వాత గ్రూపు టికెట్లు తీసుకోవడానికి ఎంత వీలు కల్పిస్తున్నాడో ఆయనకే తెలియదు. ఇదేదో మన వెనకబాటుతనమని సిగ్గుపడనక్కర్లేదు. ఇంగ్లండు రాజు చార్లెస్ పుట్టింది 1948 నవంబరు 14న. ప్రభుత్వ లాంఛనాలతో జరిగే పుట్టినరోజు కవాతు మాత్రం జూన్‌లో, ఎందుకంటే నవంబరులో అక్కడ వాతావరణం బాగుండదు. ఉత్తరార్ధగోళంలో మేలుజాతి పందెపు గుర్రాలన్నీ జనవరి 1నే ఒక యేడు పెద్దవవుతాయి. రాజుకూ గుర్రానికీ చెల్లింది మర్పల్లి వాడికి చెల్లదా?

పుట్టినరోజంటే నిజమైనదే ఉండాలి, కాగితం మీదది అబద్ధం కదా అంటారు కొందరు. అబద్ధమే. కానీ మనిషి బతుకంతా దాని మీదే నడిచింది. రైతు బీమా 59 ఏళ్ల దాకానే వర్తిస్తుంది. ఆ 59ని లెక్కపెట్టేది ఆధార్ తేదీ నుంచే గానీ చెరువు తెగిన యేటి నుంచి కాదు. ఉద్యోగుల సంగతి మరీ విచిత్రం. తెలంగాణలో 2021లో పదవీ విరమణ వయసును 61కి పెంచారు. ఒకటో తారీఖున పుట్టినవాళ్లు అంతకుముందు నెల చివరి రోజే దిగిపోవాలన్నది పాత నియమం. అంటే జూన్ 1 మెమో గల సారు మే 31 సాయంత్రం దండలు వేయించుకుని, తెల్లారేసరికి పుట్టినరోజు పిల్లవాడవుతాడు. సర్వీసులో ఉండగా విదేశం పోవాలంటే అనుమతి కాగితం కావాలి. ఆ రోజు నుంచి అదీ అక్కర్లేదు. రావలసిన డబ్బు ఎప్పుడొస్తుందన్నది వేరే శాస్త్రం. అలాంటి సారు కోసం మిగిలిన బ్యాచ్ ఒక యేడు ఆగితే తప్పేమీ లేదు. పుట్టినరోజుకు కేకు పంపే హోటలు వాళ్లు చూసేది కూడా పాస్‌పోర్టునే.

అసలు గట్టి అభ్యంతరం ఇంట్లోంచి వస్తుంది. షష్టిపూర్తి అంటే ఇల్లాలితో పీటల మీద కూర్చుని మళ్లీ మంగళసూత్రం కట్టే పండుగ. అరవై సంవత్సరాల చక్రం తిరిగి పుట్టిన సంవత్సరం పేరే మళ్లీ వస్తుంది. 1966లో ఉగాది దాటాక పుట్టినవారికి 2026 ఉగాదితో అదే పరాభవ వచ్చింది. అలాంటి వేళ ఆమెను వదిలి దోస్తులతో బ్యాంకాక్ పోతానంటే ఏ ఇంట్లో ఊరుకుంటారు? ఊరుకోకూడదు కూడా. మెమో తేదీ బలం తెలిసేది ఇక్కడే. తిథి ఇచ్చింది అమ్మానాన్నలు, కాబట్టి అది ఇంటిది; ఆ రోజు పంతులు గారిదీ, కొడుకులూ కోడళ్లదీ, ముఖ్యంగా ఆమెదీ. తారీఖు ఇచ్చింది బడి, దోస్తులను ఇచ్చిందీ ఆ బడే. కాబట్టి అది దోస్తులది. రెండు పుట్టినరోజులున్నవాడికి తగాదా ఎందుకు? 2026 సంగతే తీసుకోండి. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. షష్టిపూర్తికి ముహూర్తాలు చూడని నెల. ఇంట్లో ఏ శుభకార్యానికీ అడ్డు రాని జూన్ 1ని ఏ పంచాంగకర్త వెతికి ఇవ్వగలడు? పైగా అది సోమవారం, మర్నాడు రాష్ట్ర అవతరణ దినోత్సవ సెలవు. శని, ఆదివారాలు కలుపుకుంటే ఇంకా ఉద్యోగంలో ఉన్న తమ్ముళ్లకు నాలుగు రోజులకు ఒక్క సెలవు చాలు.

వ్యవసాయదారులు జూన్ అనగానే తల అడ్డంగా ఊపుతారు. వాళ్లూ కార్తెలు చూసుకోవాలి. జూన్ 1 అంటే ఇంకా రోహిణి. దుక్కులు దున్ని ఆకాశం చూస్తూ కూర్చునే రోజులు. పత్తి గింజ పెట్టాలన్నా కంది విత్తాలన్నా మృగశిర రావాలి, దానికి ఇంకో వారం ఉంది. ఎవరి భూమి వాళ్లు చూసుకుంటూ కూర్చుంటే వాన ముందే రాదు. ఇక థాయిలాండ్‌లో అప్పటికే వానలు మొదలవుతాయి కదా అన్న మాట నిజమే. అయితే రోహిణి ఎండలో మాడినవాడు వానను ఇబ్బందిగా తలచడు, డబ్బిచ్చి చూస్తాడు. గదులు కూడా సీజనులో కంటే చవగ్గా దొరుకుతాయి. ఆ దేశం 2023 నవంబరులో మనవాళ్లకు వీసా అడగడం మానేసింది. ఇలాంటి నియమాలు మారుతుంటాయి గనుక టికెట్టు కొనేముందు మళ్లీ చూసుకోవాలి. పాస్‌పోర్టే లేని దోస్తు ఉంటే నేపాల్ ఉంది, ఓటరు కార్డు చాలు. అది విదేశం కాదని ఎవరైనా అంటే గడియారం చూపించండి, మనకంటే పావుగంట ముందుంటుంది.

బడికి పోనివ్వని ఆడపిల్లల మాటేమిటన్న ప్రశ్నకు మాత్రం నా దగ్గర చలాకీ జవాబు లేదు. వాళ్లలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 పడింది. ఆ రోజున టికెట్ల ధర ఎక్కువ. అయినా వాళ్లు వెళ్లాలి, ఆ ఖర్చు ఇళ్లవాళ్లు పెట్టుకోవాలి.

కాబట్టి కమిటీ పెద్దలకు ఒక మనవి. పంతులు గారి దగ్గరికీ ట్రావెల్స్ ఆఫీసుకూ పరుగెత్తకముందే ట్రంకు పెట్టెలోంచి మెమో బయటికి తీయండి. అందులో ఇంటిపేరు, ఆధార్‌లో ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకటేగా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం పోల్చుకోండి. లేకపోతే దిద్దించడం ఈ వారమే మొదలుపెట్టండి. దేశం పేరు మీద కొట్లాడుకోవడానికి తర్వాత బోలెడు టైముంది.