రెండో మెట్టు

దేవరకొండ వైపు ఒక సర్కారు బడి. ఊరి పేరెందుకులెండి, అట్లాంటివి ఇంకా ఉన్నాయి. పీఈటీ సారు గ్రౌండులో సున్నంతో మూడు గడులు గీసి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టాడు.

"1968, అక్టోబరు 16. మెక్సికో ఒలింపిక్స్‌ల 200 మీటర్లు. ఫస్టు టామీ స్మిత్, థర్డు జాన్ కార్లోస్. ఇద్దరూ అమెరికా నల్లజాతోళ్ళు. నడుమ సెకండు పీటర్ నార్మన్, ఆస్ట్రేలియా తెల్లాయన. 20.06 సెకన్లు! వాళ్ళ దేశంల ఆ రికార్డు 2024 దాక ఎవ్వరు కొట్టలే. మెడల్ ఇచ్చేటప్పుడు ఆ ఇద్దరు బూట్లిడిసి, నల్ల సాక్సుల మీద ఎక్కిన్రు. మావోళ్ళ పేదరికం చూడున్రి అని."

ముందు వరసలో ఒకడు తన ఉత్త కాళ్ళు వెనక్కి ముడుచుకున్నాడు.

"కార్లోస్ గ్లవుజులు మర్చిపోయి వచ్చిండు. ఉన్న జత చెరొకటి తొడుక్కోన్రని ఉపాయం చెప్పిందే నార్మన్. వాళ్ళు పిడికిళ్ళెత్తిన్రు. ఈయన ఎత్తలే. వాళ్ళ మానవ హక్కుల బ్యాడ్జీ అడిగి ఎద మీద పెట్టుకున్నడు. గంతే! 1972ల మ్యూనిక్‌కు ఆయన్ను పంపనే లేదు. 2006ల పాణం పోతే, పెట్టె మోయనీకి స్మిత్, కార్లోస్ అమెరికా నుంచి వచ్చిన్రు."

సారు గొంతు కొంచెం వణికింది. మంచి కథకుడు, ఒప్పుకోవాలి.

"శాన్ హోసేల వాళ్ళు చదివిన యూనివర్సిటీల విగ్రహాలున్నయి. రెండో మెట్టు ఖాళీ. నాకు బొమ్మ వద్దు, వచ్చినోళ్ళు ఆడ నిలబడాలె అన్నడట నార్మన్. చెప్పున్రి, ఎవరు నిలబడతరు?"

అన్ని చేతులూ లేచాయి. సారు మురిసిపోయి విజిల్ ఊదాడు. అన్నం గంట కొట్టారు.

వంటకు ఆ నెల కొత్తగా కుదిరినామె ఎస్సీ కాలనీ మనిషి. లేచిన చేతుల్లో సగం సంచుల్లోంచి ఇంటి టిఫిన్లు తీశాయి. గంజులో అన్నం గంజులోనే ఉంది. వంటామె బిడ్డ, ఆరో తరగతి పిల్ల, స్టాఫ్ రూము గడప దగ్గరికొచ్చి నిలబడింది.

"సారూ, మీరొక్కరు మాతోని కూసొని తింటే వాళ్ళు గూడ తింటరంట. అమ్మ అడగమన్నది."

"నాకు షుగరు బిడ్డా. జొన్నరొట్టె తప్ప ఏం తినొద్దన్నడు డాక్టరు."

పిల్ల తలూపి వెళ్ళిపోయింది. సారు చేతులు కడుక్కొని టిఫిన్ విప్పాడు. పై గిన్నెలో తెల్లన్నం, ఆలుగడ్డ కూర. కింది గిన్నెలో బెల్లం పరమాన్నం.