కాస్త ఎడమకి జరిగుంటే...

మొన్నటిదాకా ఎవరు ఏ ఫోటో చూపించినా నా నోట్లోంచి ముందొచ్చే మాట ఒకటే: "కాస్త ఎడమకి జరిగి తీసుంటే బాగుండేదోయ్!" పెళ్ళి ఫోటోకైనా అంతే, పసిబిడ్డ ఫోటోకైనా అంతే. కెమెరా కొన్న కొత్తలో పట్టుకున్న జబ్బు. కెమెరా బీరువాలోకి పోయింది, జబ్బు మాత్రం మిగిలింది.

కోరుకొండలో ఉంటూ ఈ జబ్బు వదిలించుకోవడం కష్టం. ఫాల్గుణ ఏకాదశి తీర్థానికి వచ్చినవాళ్ళంతా నరసింహస్వామి కొండ వైపు ఫోన్లెత్తుతారు. ఇక నాకు చేతినిండా పని. ఆకాశం తెల్లబోయింది, గోపురం ఒరిగింది, కరెంటు తీగ అడ్డొచ్చింది. పైగా రూల్ ఆఫ్ థర్డ్స్ మీద ఉపన్యాసం: గుడిని నడిమధ్యన పెట్టకూడదని. జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషాయన ఆ సూత్రానికి పేరు పెట్టింది 1797లో, బొమ్మలు వేసేవాళ్ళ కోసమనీ, అప్పటికి ఫోటో అన్నదే పుట్టలేదనీ చాలా ఆలస్యంగా చదివాను. ఉపన్యాసాలన్నీ అయిపోయాక.

మొన్న తీర్థానికి మా వీధి కుర్రాడొకడు కొండ మెట్ల మీద తీసిన ఫోటో చూపించాడు. ఓ ముసలమ్మ మోకాళ్ళ మీద చేతులాన్చి ఎక్కుతోంది.

"నాలుగడుగులు వెనక్కెళ్ళి తియ్యాల్సింది," అన్నాను.

"వెనక్కెళ్తే కొండ కిందుంటానండి బాబాయ్ గారూ!"

పక్కనున్నవాళ్ళు విరగబడి నవ్వారు. ఆ మెట్లు ఎంత నిటారో తెలియనివాణ్ణా? పుట్టి పెరిగిన ఊరు. అంతకన్నా సిగ్గుచేటు ఏమిటంటే, ఆ ముసలమ్మ చేతుల గురించి ఒక్క ముక్క అనలేదు. ఫోటో అంతా అక్కడే ఉంది.

ఎదుటివాడి పనిలో ముందు మంచిని చూసేవాళ్ళూ ఉంటారు. మా ఊరికి దగ్గర్లోనే, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో, ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ప్రిన్సిపాల్ ఉండేవాడు. దామెర్ల రామారావు అనే కుర్రాడి బొమ్మల్లో సత్తా పసిగట్టి ప్రోత్సహించాడు. 1916లో రామారావు బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చేరడం వెనక ఆయన పూనిక ఉంది. కూల్డ్రే తానూ కుంచె పట్టినవాడే. నేను పట్టింది రిమోటూ, కాఫీ గ్లాసూ.

ఇప్పుడు ఎవడైనా ఫోటో చూపిస్తే ముందు "ఏం చూసి తీశావురా?" అని అడుగుతున్నాను. జవాబు విన్నాక, మళ్ళీ తీసేటప్పుడు వాడి చేతిలో ఉండే సంగతి ఒక్కటి చెప్తాను. ఆకాశం తెల్లగా వస్తోందా, తెర మీద ఆకాశాన్ని వేలితో తాకి వెలుతురు తగ్గించు. అంతే. ఎడమా కుడీ వాడిష్టం. అయినా "కాస్త ఎడమకి..." అని నాలిక చివరిదాకా వస్తూనే ఉంటుంది, మింగుతుంటాను.

వచ్చే తీర్థానికి మా ఊరొచ్చేవాళ్ళకి ఒకే మనవి. ఫోటో తీసే ముందు ఫోన్ లెన్సు కండువాతో తుడుచుకోండి. నేను లోపాలని ఏకరువు పెట్టినవాటిలో చాలా మటుకు వేలిముద్రల మసకే.