‘లోడ్ లేదు సార్’ – పోలీసు కమిషనరు గారికి బహిరంగ లేఖ

నగర పోలీసు కమిషనరు గారి దివ్య సముఖానికి,

తమరు క్షేమమని తలుస్తాను. నేనూ క్షేమమే, ఈ ఉత్తరం రాసేవేళకి. పొద్దున్నే మళ్లీ ఇడ్లీకి వెళ్లాలి కాబట్టి రేపటి సంగతి హామీ ఇవ్వలేను. అందుకే రాత్రికి రాత్రి కూర్చుని రాస్తున్నాను.

మొన్న సోమవారం పొద్దున మా వీధి చివర టిఫిన్ బండి దగ్గర ఉన్నాం. ఆఫీసులకి పోయేవాళ్లు, స్కూలు బస్సు కోసం పిల్లల్ని పట్టుకొచ్చిన తల్లులు, నేను. పక్కనే ఏటీఎం. అందులో డబ్బు పెట్టే వ్యాను వచ్చి రోడ్డుకి అడ్డంగా ఆగింది. ఇద్దరు పెట్టెలు మోసుకుని లోపలికి పోయారు. వెనకే గన్‌మ్యాన్ దిగాడు. యాభై దాటిన మనిషి, నిద్ర చాలని కళ్లు, భుజాన డబుల్ బ్యారెల్. ఏటీఎం వైపు కాక నేరుగా బండి వైపే నడిచొచ్చి “రెండిడ్లీ, ఒక వడ” అన్నాడు. ప్లేటు పట్టుకోవడానికి ఒక చెయ్యి, తినడానికి ఒక చెయ్యి కావాలి కదా. తుపాకీని భుజం మీంచి దించి గొడుగులాగా చంకలో ఇరికించాడు. రెండు గొట్టాలూ చట్నీ గిన్నె మీదుగా సరిగ్గా నా పొట్ట ఎత్తులో ఆగాయి. ఆయన వడ తుంచుకోడానికి వంగినప్పుడల్లా అవి ఊగుతూ ఒకసారి నన్నూ, ఒకసారి రెండు జడలేసుకున్న పాపనీ, ఒకసారి సాంబారు పోస్తున్న ముసలమ్మనీ చూసి వెళ్తున్నాయి.

“అన్నా, తుపాకీ జర అటు తిప్పు” అన్నాను.

“లోడ్ లేదు సార్” అన్నాడు.

“లోడ్ లేకపోతే వ్యానుకి కాపలా ఎట్లా?”

“ఉంది సార్. కానీ ఏం కాదు.”

మొదటి జవాబుకీ రెండో జవాబుకీ మధ్య వడ ముక్క మింగినంత సేపు పట్టింది, అంతే. మొదటిది నిజమైతే వ్యానులో సొమ్ముకి దిక్కులేదు. రెండోది నిజమైతే బండి దగ్గరున్న మాకు దిక్కులేదు. ఏదో ఒకటి తేల్చి చెప్పించండి కమిషనరు గారూ. దాన్ని బట్టి మేం ఇడ్లీ తినాలో, ఏటీఎం దోచుకోవాలో నిర్ణయించుకుంటాం.

తిన్నాక చెయ్యి కడుక్కుని ఆయన పక్క దుకాణం అరుగు మీద కూర్చున్నాడు. తుపాకీని నేల మీద నిలబెట్టి, గొట్టాల కొసన గడ్డం ఆనించి, ఫోన్లో రీల్స్ చూస్తున్నాడు. సొంత తలకాయనే అక్కడ పెట్టుకున్న మనిషిని నా పొట్ట గురించి ఇంకేం అడుగుతాను?

తమ స్టేషనుకి వెళ్లాను. మర్యాదగానే కూర్చోబెట్టారు, కాదనను. “ఎవరికైనా తగిలిందా సార్?” అన్నారు. లేదన్నాను. “పోనీ, పేలిందా?” పేలలేదన్నాను. “మరి కేసేముంది?” అన్నారు. బ్యాంకుకి పోతే మేనేజరు గారు “ఆయన మా స్టాఫ్ కాదండీ, ఏజెన్సీ మనిషి” అన్నారు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే “తుపాకీ ఆయన సొంతం సార్, లైసెన్సు కూడా ఆయన పేరు మీదే” అన్నారు. లైసెన్సు ఇచ్చేది మళ్లీ తమరూ, తమలాంటి కలెక్టర్లూ. తిరిగి తిరిగి తమ గడప దగ్గరికే వచ్చాను. ఇక్కణ్ణుంచి ఎక్కడికి పొమ్మంటారు?

తమకి చట్టం చెప్పేంతటి వాణ్ణి కాను. కానీ చదివితే చెమటలు పట్టాయి. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. దానికి కేంద్రం నమూనా నియమాలు రాసింది. గార్డుగా చేరేవాడికి 100 గంటలు తరగతి గదిలో, 60 గంటలు బయట, మొత్తం కనీసం 20 పనిదినాల శిక్షణ. యూనిఫాం ఎలా వేసుకోవాలి, మంటలెలా ఆర్పాలి, పోలీసుల, సైనికుల హోదా గుర్తులు ఎలా పోల్చుకోవాలి, అన్నీ పాఠాలే. ఆ వరుసలో తుపాకీ పట్టుకోవడం, వాడటం కూడా ఉంది. దాని పక్కన బ్రాకెట్లో ఒకే మాట: ఐచ్ఛికం. తమ భుజం మీది గుర్తులు పోల్చుకోవడం మాత్రం తప్పనిసరి. తన భుజం మీది తుపాకీ ఎలా మోయాలో, ఇష్టమున్నవాడు నేర్చుకుంటాడు. ఏ మహానుభావుడు రాశాడో గానీ, ఆయన ఏటీఎం పక్కన ఎప్పుడూ టిఫిన్ తిని ఉండడు.

లైసెన్సు కావాలంటే ఆయుధ భద్రత శిక్షణ పొందాలని 2016 ఆయుధ నియమాల్లో ఉంది కదా అంటారేమో. ఉంది. ఆ శిక్షణ పత్రం ఎందరి ఫైళ్లలో ఉందో ఒక్కసారి తెప్పించి చూడండి. అసలు లైసెన్సే అసలుదో కాదో చూడాల్సిన రోజులివి. 2022లో తమ శాఖే ఈ నగరంలో జమ్మూకశ్మీర్ పేరుతో దొంగ లైసెన్సులు పుట్టించే ముఠాని పట్టుకుని, 30కి పైగా తుపాకులు స్వాధీనం చేసుకుంది. ఆ లైసెన్సులు పట్టుకున్నవాళ్లు చేస్తున్న పనేమిటో తమకి గుర్తుండే ఉంటుంది. సెక్యూరిటీ గార్డు ఉద్యోగం.

అవే 2016 నియమాలు, జనంలోకి తుపాకీ తెచ్చేవాడు దాన్ని ఒరలోనో తగిన సంచిలోనో కప్పి, పూర్తి అదుపులో ఉంచుకోవాలంటున్నాయి. సంచిలో తుపాకీ పెట్టుకుని కాపలా ఏం కాస్తాడు, నిజమే. సంచి వదిలేద్దాం. అదుపు? చంకలో ఇరికించుకుని “అల్లం చట్నీ కూడా కొంచెం వెయ్యమ్మా” అనడం ఏ రకం అదుపో సెలవివ్వండి.

2018లో నగదు వ్యాన్లకి విడిగా నియమాలొచ్చాయి. ఎంత ముచ్చటగా రాశారో! వ్యానుకి ఇద్దరు సాయుధ గార్డులు, ఒకడు ముందు డ్రైవరు పక్కన, ఒకడు వెనక. టీకో భోజనానికో ఆగినా ఒక గార్డు వ్యానుని వదలకూడదు. రెండేళ్లకోసారి తుపాకీ పేల్చి చూడాలి, తూటాలు మార్చాలి. డబ్బుకి ఒక్క పూటైనా తోడు లేకుండా పోకూడదని ఇంత దూరం ఆలోచించినవాళ్లు, టీ తాగేటప్పుడు గొట్టం ఎటు ఉండాలో కూడా రెండు ముక్కలు రాసుంటే వాళ్ల సొమ్మేం పోయేది? తుపాకీకి రెండేళ్లకోసారి పరీక్ష ఉంది. దాన్ని పట్టుకున్న చేతికి ఏదీ?

తమ శాఖ కళ్లు మందగించాయని నేననను. నేను బండి మీద వెళ్తూ చెమట తుడుచుకోడానికి హెల్మెట్ తీస్తే చాలు, ఎక్కణ్ణుంచో ఫొటో తీసి చలానా పంపిస్తారు. బండి నంబరుతో సహా, నా బట్టతలతో సహా. అదే సిగ్నల్ దగ్గర, అదే కెమెరా కింద, వ్యాను కిటికీలోంచి జానెడు గొట్టం బయటికి పెట్టుకుని గార్డు కునుకు తీస్తుంటాడు. దాని ఎదురుగా స్కూటర్ మీద ఒక కుటుంబం ఉంటుంది. ఆ ఫొటో ఎప్పుడైనా పడిందా? ఒక్కటి చూపించండి, నా చలానాలన్నీ వడ్డీతో సహా కట్టేస్తాను.

ఏం కాదంటారు. అందరూ ఇదే మాట. 2021 జులైలో ఇదే నగరంలో, గన్‌ఫౌండ్రీలోని ఒక బ్యాంకులో, గార్డుకీ ఒక కాంట్రాక్టు ఉద్యోగికీ మాటా మాటా వచ్చి తుపాకీ పేలింది. ఉద్యోగి ఆసుపత్రి పాలయ్యాడు. అంతకు కొన్ని వారాల ముందే బరేలీలో, మాస్కు పెట్టుకోలేదన్న గొడవలో బ్యాంకు గార్డు ఒక రైల్వే ఉద్యోగిని కాల్చాడు. బ్యాంకుకి వచ్చిన ఖాతాదారుణ్ణి! 2024 అక్టోబర్ 1న నటుడు గోవిందా సొంత ఇంట్లో, సొంత లైసెన్సు రివాల్వరు పేలి సొంత కాలిలో తూటా దించుకున్నాడు. చుట్టూ తోపులాట లేదు, చేతిలో ఇడ్లీ ప్లేటు లేదు. ఇన్నిసార్లు అయినా ఇంకా ‘ఏం కాదు’ అనేవాడి నోట్లో ఏం పెట్టాలి?

బ్యాంకు లోపల సంగతి ఇంకా ఘోరం. పింఛన్ల రోజున వెళ్లి చూడండి. మఫ్టీలో వెళ్లండి, లేకపోతే అందరూ సర్దుకుంటారు. తలుపు తీసేది గార్డే. వరస సరిచేసేది గార్డే. పాస్‌బుక్ మెషీన్లో కాగితం ఇరుక్కుంటే లాగేది గార్డే. మేనేజరుకి టీ చెప్పి రావాల్సిందీ గార్డే. చదువురాని పెద్దావిడ డబ్బు తీసుకునే ఫారం పట్టుకొస్తే పాపం ఆయనే వంగి నింపి పెడతాడు. ఆయన వంగితే భుజాన ఉన్నది కూడా వంగుతుంది, వెనక వరసలో ఉన్నవాళ్ల మొహాల వైపు. ఆయన మంచివాడే. ఆ మంచితనంతోనే నాకు భయం. తుపాకీ ఉన్న మనిషికి తుపాకీ పని తప్ప అన్ని పనులూ అప్పజెప్పిన బ్యాంకుని తమరు ఒక్కసారైనా పిలిచి అడిగారా?

ఆయన్ని జైల్లో వెయ్యమని ఈ ఉత్తరం రాయడం లేదు. పన్నెండు గంటల డ్యూటీ. సొంత తుపాకీ, దానికి నూనె కూడా సొంత ఖర్చే. చాలా చోట్ల ఆయన్ని ఉద్యోగంలోకి తీసుకున్నది ఆయన్ని చూసి కాదు, ఆయన లైసెన్సుని చూసి. నిజంగా దొంగలొస్తే ముందు పోయేదీ ఆయన ప్రాణమే. 2021 ఏప్రిల్‌లో కూకట్‌పల్లిలో ఏటీఎంలో డబ్బు పెడుతుండగా దొంగలు కాల్చినప్పుడు చనిపోయింది సెక్యూరిటీ గార్డే. ఆ మనిషికి సరిగ్గా పట్టుకోవడం నేర్పకుండా, తీరిగ్గా తినే వేళ ఇవ్వకుండా, తుపాకీ తగిలించి రోడ్డు మీదికి తోలినవాళ్లు ఏసీ గదుల్లో ఉన్నారు. నా కోపం వాళ్ల మీద.

ఎన్నికలొస్తే మాత్రం తమరికి అన్నీ గుర్తొస్తాయి. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలని ఆర్డరు. తాత కాలం నుంచి బీరువా దాటని తుపాకీని కూడా పెద్దమనిషి ఆటోలో పెట్టుకుని స్టేషనుకి తెస్తాడు. బ్యాంకు గార్డులకి మినహాయింపు. అంటే రోజూ జనం మీదికి తిరిగి ఉండే తుపాకీ ఒక్కటే బయట మిగులుతుంది!

పనిలో పనిగా మరి రెండు మనవులు. రోడ్డుకి అడ్డంగా ఆగే ఆ వ్యాను వల్ల స్కూలు బస్సు వీధిలోకి రాదు, పిల్లలు గన్‌మ్యాన్ ముందు నుంచే నడిచి పోవాలి. రెండోది, పెళ్లిళ్లకి నాయకులతో వచ్చే గన్‌మెన్. వాళ్లు తమవాళ్లే కాబట్టి కాస్త గట్టిగా అడుగుతున్నాను. బఫే వరసలో నడుముకి పిస్తోలు, చేతిలో గులాబ్‌జాం గిన్నె, పక్కన సెల్ఫీ అడిగే కుర్రాళ్లు. పెళ్లికొడుకు బావమరిది “ఒక్కసారి పట్టుకోనివ్వన్నా” అని అడగడం నా చెవులారా విన్నాను. ఇవ్వలేదు లెండి. నవ్వి ఊరుకున్నాడు. తర్వాతి పెళ్లిలో ఇంకో గన్‌మ్యాన్ ఇవ్వడని ఎవరు పూచీ?

వెటకారం చాలు. నాకే విసుగొచ్చింది. బతిమాలుకుంటున్నాను సార్. తమరు ఎప్పుడో ఫైరింగ్ రేంజిలో మొదటి రోజు నేర్చుకున్నదే అడుగుతున్నాను. గొట్టం నేల వైపో ఆకాశం వైపో ఉండాలి, మనిషి వైపు కాదు. ట్రిగ్గర్ మీద వేలు ఉండకూడదు. తినడానికి పోయేవాడు తూటాలు తీసేసి, తుపాకీని వ్యానులో ఉన్న రెండో గార్డు దగ్గర పెట్టి పోవాలి. బ్యాంకులో తుపాకీ ఉన్నవాడికి కాపలా తప్ప వేరే పని చెప్పకూడదు. ఏడాదికి ఒక రోజు ఏజెన్సీ ఖర్చుతో రేంజికి పంపాలి, ఆ రోజు జీతం కొయ్యకూడదు. ఆ ‘ఐచ్ఛికం’ అన్న మాట తీసెయ్యమని ఢిల్లీకి తమ తరఫున ఒక ఉత్తరం ముక్క. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, మంత్రిగారి చేత రిబ్బను కత్తిరింపు అక్కర్లేదు.

ఎవరికైనా తగిలాక కేసు కడతారు, తెలుసు. నిర్లక్ష్యంగా తుపాకీ వాడి ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా వెయ్యొచ్చని 2019 సవరణలో ఉంది. ఆ లక్ష నాకొద్దు. బ్యాంకులనీ ఏజెన్సీలనీ ఈ వారమే పిలిపించి ఒక్క పేజీ ఆర్డరు చేతికివ్వండి. ఎవరికీ తగలకముందే ఇవ్వండి.

ఇట్లు,
తమ పరిధిలో నివసించు ఒక ఖాతాదారుడు