ఉత్తమ సరఫరాదారు ఎవరు?

బ్రిటన్‌లో చెత్త ఎత్తే కంపెనీలు ఏడాదికోసారి చేసే ప్రకటన ఈ ఏడు కూడా వచ్చేసింది. ఏ కంపెనీదని అడగనక్కర్లేదు. పైనున్న ముద్రను వేలితో మూసి చదివితే ఒకదానికీ మరొకదానికీ తేడా తెలియదు. ఆధునిక బానిసత్వాన్ని తాము రవ్వంత కూడా సహించబోమని మొదటి పేరా. సరఫరాదారులందరికీ ప్రశ్నావళి పంపామని రెండోది. అందరూ సంతృప్తికరంగా జవాబులిచ్చారు కాబట్టి ముప్పు స్వల్పమేనని మూడోది. అడుగున డైరెక్టరు గారి సంతకం.

మీ దగ్గర బానిసలున్నారా అని అడిగారు. లేరన్నారు. పని పూర్తయింది. గడీలో వెట్టి నడుస్తోందా అని దొరకే చీటీ పంపి, ‘అబ్బే, అలాంటిదేమీ లేదు’ అని ఆయన రాసిచ్చిన కాగితాన్ని ఫైల్లో భద్రపరచుకున్నట్టుంది.

అయినా, ఒక పద్ధతిని పరీక్షించకుండా వెక్కిరించడం అన్యాయం. పరీక్షించడానికి మంచి సరఫరాదారు ఒకరు కావాలి. ఊహించి తయారుచేసే శ్రమ కూడా అక్కర్లేదు, చరిత్రలోనే ఉన్నారు. 2012 నుంచి 2017 దాకా వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో రీసైక్లింగ్ కేంద్రాలకు, పొలాలకు, టర్కీ కోళ్లను కోసి శుభ్రం చేసే ఫ్యాక్టరీలకు మనుషులను అందించిన పోలిష్ ముఠా ఒకటుంది. ఆ కేసుకు పోలీసులు పెట్టిన పేరు ఆపరేషన్ ఫోర్ట్. ముఠా చేతిలో చిక్కినవాళ్లు 400 మందికి పైనే ఉంటారని అంచనా. అంత అనుభవమున్న సంస్థకు ఈ ప్రశ్నావళి ఇస్తే ఎన్ని మార్కులొస్తాయి?

మొదటి ప్రశ్న నియామకాల గురించి ఉంటుంది. సమాజంలో వెనకబడినవాళ్లకు అవకాశం ఇస్తున్నారా? ఇవ్వకపోవడమా! ముఠా మనుషులు పోలండ్‌లో నిలువ నీడ లేనివాళ్లను, జైలు నుంచి విడుదలైనవాళ్లను, తాగుడుకు బానిసలైనవాళ్లను వెతికి మరీ పట్టుకున్నారు. 17 ఏళ్ల కుర్రాడి దగ్గర్నుంచి 60 దాటిన వృద్ధుడి దాకా అందరికీ చోటిచ్చారు. వయసు వివక్ష లేదు. టిక్కు.

రవాణా సదుపాయం? బస్సెక్కించి తీసుకొచ్చారు. వసతి? ఇచ్చారు. ఎలుకలు తిరిగే ఇళ్లలో, ఒక్కో గదిలో నలుగురేసి. ఫారంలో ‘వసతి కల్పిస్తున్నారా’ అన్న గడి ఉంటుంది గానీ ఎలుకల గురించి గడి ఉండదు. నీళ్లు రాక ఒకాయన కాలువలో స్నానం చేయాల్సి వచ్చింది. దాన్ని పర్యావరణ విభాగంలో, నీటి పొదుపు అనే శీర్షిక కింద రాసుకోవచ్చు.

జీతాలు బ్యాంకు ద్వారానే చెల్లిస్తున్నారా అనేది ఆడిటర్లకు ప్రాణప్రదమైన ప్రశ్న. ఇక్కడ ముఠాకు పూర్తి మార్కులు పడతాయి. వచ్చినవాళ్లను దగ్గరుండి బ్యాంకుకు తీసుకెళ్లి, వాళ్ల పేరు మీదే ఖాతాలు తెరిపించారు. కార్డులు మాత్రం ముఠా దగ్గరుండేవి. ఫ్యాక్టరీ జీతం చట్టప్రకారం ఖాతాలో పడేది, చట్టంతో పని లేకుండా బయటికి వెళ్లిపోయేది. కొందరి చేతికి వారానికి 20 పౌండ్లు వచ్చేవి. ముఠా మనిషి ఇంటికి రంగులేసిన ఒకాయనకు కూలి కింద కాఫీ, ఒక కోడి ముట్టాయి. ఐదేళ్లలో ఇలా పోగైంది దాదాపు 20 లక్షల పౌండ్లు. కూలీలు ఉచిత భోజనం పెట్టే కేంద్రాల ముందు వరసకట్టి నిలబడుతుంటే ముఠా పెద్ద బెంట్లీ కారులో తిరిగాడు. సంస్థ ఆర్థికంగా నిలదొక్కుకుందా అనే ప్రశ్నకు అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నాయకత్వంలో మహిళలున్నారా? భేషుగ్గా. 2019లో శిక్ష పడిన ఎనిమిది మందిలో ముగ్గురు ఆడవాళ్లే. చాలా కంపెనీల డైరెక్టర్ల బోర్డులు ఈ నిష్పత్తిని చూసి సిగ్గుపడాలి.

భాగస్వామ్య సంస్థలతో సత్సంబంధాలు ఎలా ఉన్నాయంటే, కూలీలను పంపే రిక్రూట్‌మెంట్ ఏజెన్సీలో ముఠా తన మనిషిని ఉద్యోగంలోనే పెట్టింది. ఇటువైపు ముఠా, అటువైపు ఫ్యాక్టరీ, మధ్యలో ఏజెన్సీ కుర్చీలో మళ్లీ ముఠా. కన్సల్టెంట్లు పవర్‌పాయింట్‌లో బాణాలు గీసి చూపించే అనుసంధానాన్ని వీళ్లు ఒక్క ఉద్యోగంతో సాధించారు.

ఇక ఫిర్యాదుల పరిష్కార వ్యవస్థ. ప్రకటనలన్నిటికీ ఇదే కిరీటం. రహస్యంగా ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉంటుంది, దాన్ని పోస్టరు మీద అచ్చువేసి క్యాంటీన్ గోడకు అంటిస్తారు. ఏడాది చివర ఫిర్యాదులు సున్నా అని గర్వంగా రాసుకుంటారు. ముఠా లెక్కలోనూ ఫిర్యాదులు దాదాపు సున్నాయే. జీతం గురించి, గది గురించి నోరెత్తిన ఒకాయనను తోటివాళ్ల ముందు బట్టలూడదీసి, ఒంటి మీద అయోడిన్ పోసి, నోరు మూసుకోకపోతే కిడ్నీలు తీసేస్తామని చెప్పారు. తరువాత ఆయన ఏ పోస్టరు దగ్గరా ఆగి నంబరు రాసుకుని ఉండడు. ఫిర్యాదు వచ్చిన వెంటనే స్పందించడం అనే గడిలో కూడా టిక్కు పెట్టేయొచ్చు.

గైర్హాజరు లేదు. సమ్మె లేదు. యూనియన్ లేదు. షిఫ్టు వేళకు వ్యాను గేటు ముందుంటుంది. కొనుగోళ్ల విభాగంలో ఇంతకన్నా మంచి సరఫరాదారును చూసినవాళ్లెవరూ ఉండరు. చెత్త రంగం వార్షిక విందులో ఉత్తమ సరఫరాదారు పురస్కారం ఈ ముఠాకు ఇవ్వకుండా జడ్జి శిక్షలు వేసేయడం ఒక్కటే లోటు. మొత్తం కలిపితే 55 ఏళ్లకు పైగా జైలు.

ఈ ఘనత బయటపడిన తీరు కూడా ప్రకటనలు రాసేవాళ్లకు మింగుడుపడదు. ఏ ప్రశ్నావళీ పట్టుకోలేదు, ఏ ఆడిటరూ కనిపెట్టలేదు. 2015లో ఇద్దరు తప్పించుకుని పారిపోయి హోప్ ఫర్ జస్టిస్ అనే స్వచ్ఛంద సంస్థకు చెప్పుకున్నారు. కంపెనీల గొలుసులో లేనివాళ్లు, సూప్ పోసేవాళ్లు, ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడేవాళ్లు చూడగలిగారు.

ప్రకటనల చట్టం పుట్టింది కూడా సరిగ్గా ఆ ఏడాదే. ఆధునిక బానిసత్వ చట్టం, 54వ సెక్షన్. ఏటా 3 కోట్ల 60 లక్షల పౌండ్ల టర్నోవరు దాటిన ప్రతి సంస్థా ఒక ప్రకటన చేయాలి. బోర్డు ఆమోదించాలి, డైరెక్టరు సంతకం పెట్టాలి, వెబ్‌సైటు ముంగిట్లో కనబడాలి. ప్రకటనలో ఏముండాలి? తీసుకున్న చర్యలు రాయొచ్చు. లేదా, చట్టంలోనే ఉన్న వెసులుబాటు ఇది, ఏ చర్యలూ తీసుకోలేదని రాసినా చాలు. చట్టం నెరవేరినట్టే. అంత సులువు చేసినా 2019లో స్వతంత్ర సమీక్ష జరిపేసరికి, పరిధిలోకి వచ్చే సంస్థల్లో దాదాపు 40 శాతం ఆ కాస్తా కూడా చేయడం లేదని తేలింది. చేయనివాళ్ల మీద మంత్రి కోర్టుకెళ్లి ఉత్తర్వు తేవచ్చు. 2024లో ప్రభువుల సభ కమిటీ ఈ చట్టాన్ని పరిశీలించేనాటికి ఆ అధికారాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. వీటన్నిటి మీద కన్నేసి ఉంచడానికి ఒక కమిషనర్ పదవి ఉంది. 2022 వసంతంలో ఖాళీ అయిన ఆ కుర్చీలో మళ్లీ మనిషి కూర్చునేసరికి 2023 డిసెంబరు వచ్చింది. అంతకాలం బ్రిటన్‌లో బానిసత్వం సెలవు తీసుకుందేమో తెలియదు.

తీసుకోలేదు. 2024లో బాధితులై ఉండొచ్చన్న అనుమానంతో ప్రభుత్వ వ్యవస్థకు చేరిన పేర్లు 19,125. ఆ లెక్కలు మొదలయ్యాక అప్పటిదాకా అదే అత్యధికం.

హాస్యం ఇక్కడితో చాలు. పట్టుకోవడం కష్టమైతే ప్రశ్నావళితో సరిపెట్టుకున్నారని సర్దిచెప్పుకోవచ్చు. కష్టం కాదు. అప్పటి కమిషనర్ సారా థార్న్‌టన్ 2020లో ఈ కేసు మీదే ఒక నివేదిక రాసి కంపెనీలకు చెప్పింది. ఒకే చిరునామాలో ఎంతమంది ఉంటున్నారో చూడండి, ఒకే ఫోన్ నంబరు ఎంతమంది ఇచ్చారో చూడండి, జీతాలు ఏ ఖాతాలకు వెళ్తున్నాయో చూడండి అంది. ఇందులో గూఢచర్యం లేదు. జీతాల పట్టీ ఉంది, కంప్యూటరు ఉంది, అడిగితే చేసిపెట్టే గుమాస్తా ఉన్నాడు. విదేశాల్లో కుట్టించిన చేతి తొడుగుల మీద నాలుగు పేజీలు రాసే కంపెనీ, తన షెడ్డులోనే కన్వేయర్ బెల్టు ముందు నిలబడి డబ్బాలు ఏరుతున్న మనిషి గురించి ‘ఏజెన్సీ చూసుకుంటుంది’ అని ఒక్క వాక్యంతో దాటేస్తుంది. ఆ మనిషికి ఇంగ్లీషు రాదు. నిలబడలేక తూలుతున్నాడు. పక్కవాడితో కలిసి ఒకే వ్యానులో వస్తాడు, ఒకే వ్యానులో పోతాడు. సూపర్‌వైజరు చూశాడు. గేటు దగ్గర సెక్యూరిటీ చూశాడు. చూడనిది సంతకం పెట్టినాయన ఒక్కడే, అది కూడా చూడకుండా ఉండేందుకు కట్టిన వ్యవస్థ కాబట్టి.

దాన్ని కట్టింది రేటు. కౌన్సిలు టెండరు పిలిచి తక్కువ కోట్ చేసినవాడికి చెత్త అప్పగిస్తుంది. వాడు ఏజెన్సీని పిండుతాడు. అంత తక్కువకు మనుషులు ఎక్కడ దొరుకుతున్నారో ఏజెన్సీని ఎవరూ అడగరు, అడిగితే రేటు పెరుగుతుంది. టెండరు పిలిచే కౌన్సిలర్‌కూ, సంతకం పెట్టే డైరెక్టరుకూ ఆ లెక్క తెలుసు. దాదాపు మూడు గంటల కనీస వేతనానికి మనిషిని వారమంతా వాడుకోవచ్చని ముఠా కనిపెట్టలేదు, ఆ బేరానికి గిరాకీ ముందే ఉంది.

ముఠా ఇంట్లో ఉండగానే ఒక కూలీ జబ్బుతో చనిపోయాడు. పోలీసుల దృష్టి తమ మీద పడకుండా ఆయన గుర్తింపు కాగితాలు, సామాన్లు తీసేయమని ముఠా పెద్ద ఆదేశించాడు. ఎవరికీ చెందని శవంగా మార్చాలనుకున్నారు. కాగితాల మీద ఏ కంపెనీకీ చెందనివాడిగా ఆయన్ని అంతకుముందే మార్చేసిన కంపెనీల గొలుసు ఒకటుంది. దానికి మాత్రం శిక్ష పడలేదు. వచ్చే ఏడు కూడా అది కొత్త ప్రకటన రాస్తుంది, ఆ ప్రకటనలో ముప్పు స్వల్పమే అని ఉంటుంది. ఈసారి ఆ వాక్యం కింద సంతకం చేసే డైరెక్టరును, ఆ ఏడాది జీతాల పట్టీ పక్కన పెట్టి, ఒక్కో పేరూ చదివి సంతకం చేయమని కోర్టు ఆదేశించాలి. ఆ పేర్లలో ఒక్కటి బానిసదని తరువాత తేలినా, ముఠా పెద్దతో పాటు ఆయన్నీ బోనెక్కించాలి.