పొగచూరిన పెద్దరికం

ఆమడగూరులో పాలకు పొగ వాసన తగిలిందంటే పొయ్యి ముందున్న మనిషికి ఆ పూట మూడినట్టే. ఈ మండలానికి అమరావతి కన్నా బెంగళూరే దగ్గర. అక్కడ ఉద్యోగాలు వెలగబెడుతున్న ఈ ఊరి కుర్రాళ్లలో కొందరు వారాంతాల్లో కొత్త విద్య ఒకటి పట్టుబట్టి నేర్చుకుంటున్నారు: పొగచూరిన సింగిల్ మాల్ట్ విస్కీని ఆస్వాదించడం. తాగడం అనకూడదు, నొచ్చుకుంటారు.

ఆ తంతు చూసి తీరాలి. పొట్ట ఉబ్బి మూతి సన్నబడిన గ్లాసును దీపానికి అడ్డంపెట్టి తిప్పుతారు. ముక్కు లోపలికంటా దూర్చి కళ్లు మూసుకుంటారు. తర్వాత వాక్కు వెలువడుతుంది: సముద్రపు నాచు, తడిసిన బూడిద, టింక్చర్ అయోడిన్, ఆస్పత్రి వరండా. ఇవి తిట్లు కావు, మెచ్చుకోళ్లు! ఆస్పత్రి మాట వట్టి కవిత్వమూ కాదు. ఆ పొగలో ఫినాల్, క్రెసాల్ నిజంగానే ఉంటాయి. 1865లో గ్లాస్గోలో సర్జన్ జోసెఫ్ లిస్టర్ గాయాలు కుళ్లకుండా వాడిన కార్బాలిక్ ఆమ్లం ఆ ఫినాలే. ధర్మాసుపత్రిలో ఇదే వాసనకు జేబురుమాలు అడ్డంపెట్టుకునే ముక్కులు ఇక్కడ వేలు పోసి మరీ పీలుస్తాయి.

ఇంతకీ ఈ పొగ ఎక్కడిది? స్కాట్లాండ్ పడమటి తీరాన ఐలా అనే దీవి ఉంది. చెట్లు తక్కువ, ఈదురుగాలి ఎక్కువ. విస్కీ కోసం మొలకెత్తించిన బార్లీని ఆరబెట్టడానికి కట్టెలు చాలక, బురదనేలలో వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న నాచును, గడ్డిని, అంటే పీట్‌ను, గడ్డలుగా కోసి ఎండబెట్టి కాల్చారు. మన పల్లెల్లో పిడకలు వాడినట్టే. లేమి వల్ల అంటిన పొగ కాస్తా నాగరికులకు రుచి అయి కూర్చుంది. పిడకల పొగకు మాత్రం ఇంతవరకు ఎవరూ మార్కులు వేయలేదు.

అసలు గొప్పలన్నీ అంకెల్లో ఉంటాయి. ఒకడిది 40 పీపీఎం అయితే ఇంకొకడిది 100 దాటాలి. బ్రుక్‌లాడీ కంపెనీ వారి ఆక్టోమోర్ 8.3 విస్కీది ఏకంగా 309! పది లక్షల భాగాల్లో ఫినాళ్లు ఎన్నో చెప్పే లెక్క ఇది. కాకపోతే కొలిచేది బార్లీ గింజలో, సీసాలో కాదు. ఆ గింజను మరపట్టి, పులియబెట్టి, బట్టీ దించి, పీపాల్లో ఏళ్లతరబడి ఉంచేసరికి ఆ ఫినాళ్లలో చాలా భాగం జారిపోతుంది. గ్లాసులో లేని అంకెకు మీసం మెలేయడం ఇది.

స్వదేశీ వీరులకూ దారి ఉంది. బెంగళూరు అమృత్ సంస్థ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో ముందు గ్లాస్గోలో విడుదల చేసింది. దాని ఫ్యూజన్ అనే రకాన్ని విస్కీ విమర్శకుడు జిమ్ మర్రే తన 2010 విస్కీ బైబిల్‌లో ప్రపంచంలో మూడోదిగా నిలబెట్టాకే ఇక్కడి చాలామంది నాలుకకు ఆ రుచి తెలిసింది. అందులో మన బార్లీ ఉంది, పొగ మాత్రం స్కాట్లాండ్ బార్లీతో ఓడెక్కి వచ్చింది. మన దేశంలో పొగకూ కరువే కాబోలు!

లఫ్రోయిగ్ విస్కీ కంపెనీ ఇంకాస్త ముందుకు పోయింది. 1994 నుంచి తన అభిమానులకు ఐలాలో చదరపు అడుగు నేలను జీవితకాలం లీజుకు రాసిస్తోంది. అడంగల్ కోసం, పాసు పుస్తకం కోసం తండ్రి తిరిగిన తిరుగుళ్లేవీ కొడుక్కి అక్కర్లేదు. ఆ నేలకు కంపెనీయే ఏటా బాడుగ చెల్లిస్తుంది, ఒక గుక్క విస్కీ. దాన్ని స్వయంగా ఐలాకు వెళ్లి తీసుకోవాలి. వీసా, విమానం ఖర్చులు భూస్వామివే.