బావ, నల్లి బొక్క

మా బావ లండన్ వెళ్లి 22 ఏళ్లయింది. మొదటి పదేళ్లూ ఇంగ్లిష్ వాళ్ల తిండిని తిట్టాడు. అప్పట్నుంచి ఆ తిండిని తిట్టేవాళ్లను తిడుతున్నాడు. ఇలాంటి బావ మీకూ ఒకరు ఉండే ఉంటారు. ఊరు వేరు కావచ్చు, ఉపన్యాసం మాత్రం అదే.

పోయిన మార్చిలో నేను వెళ్తే, "నిన్నో చిన్న చోటికి తీసుకుపోతా పద" అన్నాడు. నిజంగానే చిన్నది. ఒకప్పుడు చెప్పుల షాపట, పాతిక కుర్చీలు. మూడు వారాల ముందు బుక్ చేస్తే సాయంత్రం ఐదుముప్పావుకి దొరికింది. ఏడున్నరకల్లా లేచిపోవాలి. మన దగ్గర అది మిర్చి బజ్జీల వేళ. "ఇది డిన్నరా బావా?" అంటే, "మెల్లగా మాట్లాడు" అన్నాడు.

మెనూ ఒక్క కాగితం. అందులో ఒక్క క్రియాపదం లేదు, అన్నీ కామాలే. "లీక్స్, గుడ్డు, హేజల్‌నట్." "క్యాబేజీ, ఆంకోవీ." వేయించారో ఉడికించారో ఆ దేవుడికే తెలియాలి. బావ మాత్రం శుభలేఖ చదివినట్టు చదివాడు, ధర మీద వేలు అడ్డం పెట్టి. "రూపాయల్లోకి మార్చకురా, అరగదు."

బ్రెడ్డూ వెన్నా వచ్చాయి, విడిగా 5 పౌండ్లు. "మీగడ పులియబెట్టి తీసిన వెన్న ఇది!" అన్నాడు. అక్క నా వంక చూసింది. మా అమ్మ జన్మంతా చిలుకుతున్నది అదే. ఈయన వరంగల్ వస్తే ప్యాకెట్ వెన్న కావాలంటాడు.

వడ్డించే కుర్రాణ్ణి పిలిచి క్యాబేజీ ఏ తోటదని ఆరా తీశాడు. కెంట్ అన్నాడతను. అక్కడ మనకేదో పదెకరాలున్నట్టు బావ తలాడించాడు. తర్వాత పంచుకుని తినే ప్లేట్లు. నలుగురికి మూడు స్కాలప్‌లు. మేనకోడలు "నాకొద్దు" అని లెక్క తేల్చింది.

ఇక ఉపన్యాసం. 1994లో ఫెర్గస్ హెండర్సన్ అనే షెఫ్ స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ దగ్గర, ఒకప్పుడు బేకన్‌కి పొగబెట్టిన భవనంలో సెయింట్ జాన్ అనే రెస్టారెంట్ తెరిచాడట. జంతువును చంపాక ముక్కు నుంచి తోక దాకా తినడమే మర్యాద అన్నాడట. కాల్చిన మూలుగ ఎముకలూ పార్స్లీ సలాడే ఆయనకు పేరు తెచ్చాయట. ఇంత మర్యాద నేర్చిన ఈ బావే, పెళ్లయిన కొత్తలో మా అమ్మ కొత్త అల్లుడని నల్లి బొక్క ఏరి మరీ వేస్తే, "ఇవి తినను అత్తమ్మా" అని పక్కకు నెట్టాడు. బోటీ కూర వండిన రోజైతే వాసన పడక అరుగు మీదే కూర్చున్నాడు.

ఇక్కడా ఎముకలొచ్చాయి. క్యాబేజీ ఊరు అడిగిన మనిషి ఆ ఎముక ఎవరిదని అడగలేదు. నేనూ అడగలేదు. సన్నటి చెంచాతో మూలుగ తోడి, కాల్చిన బ్రెడ్డు మీద రాసి, పైన కల్లుప్పు చల్లాడు. చెంచాకు అందని చివరి ముక్క లోపలే ఉండిపోయింది. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎముక నోటికి ఆనించి ఒక్క పీల్పు: జుర్ర్! పక్క టేబుల్ దంపతులు తిరిగి చూశారు. అక్క తల దించుకుంది. నాకు మాత్రం ఇన్నేళ్ల కోపం అక్కడే కరిగిపోయింది. పెదాలు తుడుచుకుని మెల్లగా అన్నాడు: "మీ అమ్మకి చెప్పకు."

చివర రూబార్బ్. యార్క్‌షైర్‌లో చీకటి షెడ్లలో పెంచి, కొవ్వొత్తి వెలుగులో కోస్తారని చెప్పాడు. "గోంగూర దొరక్కపోతే నేను పప్పులో వేసేది ఇదే" అంది అక్క. "అది వేరు" అన్నాడు బావ గంభీరంగా.

బిల్లులో 12.5 శాతం సర్వీస్ ఛార్జి. "వద్దంటే తీసేస్తారు తెలుసా" అని నా చెవిలో ఊదాడు. 22 ఏళ్లలో ఒక్కసారీ వద్దనలేదట.

తిరిగొచ్చాక హనుమకొండలో దోసె బండి దగ్గర నిలబడ్డాను. నోరు ఊరుకోలేదు. "ఈ పల్లీలు ఏ ఊరివి?" అనేశాను. చట్నీ గరిటె గాల్లో ఆగింది.

"కిరాణం దుకాణంవి సార్. ప్లేట్ ఒకటా, రెండా?"